లప్పం కింద బొటనవేలు

కాశిమేడులో ఐసు ఫ్యాక్టరీ వెనక సందు.
నలుగురు తోసుకొచ్చి నిలబెట్టారు
స్టెల్లా అక్క ట్రైలరుని.
పడవ దించేశాక దాని రోలర్లు
పళ్లు పీకిన చిగుళ్లలా ఉన్నాయి.
"ఆదివారంలోగా రంగు కొట్టెయ్యి మస్తానూ,
రంగు పోయింది, అంతే" అంది.

నలభై ఏళ్లుగా వింటున్నా ఆ "అంతే"ని.
అంతే అని తెచ్చినవేవీ
అంతటితో పోలేదు.

చూసే ముందు వినాలి.
చిన్న సుత్తి పెంచలు చేతికిచ్చాను.
"కొట్టుకుంటూ పోరా, మెల్లగా,
నిద్రపోయే మనిషిని లేపినట్టు."
టంగ్. టంగ్.
ముందు కాడి బాగుంది. కొక్కెం బాగుంది.
టంగ్.
ఇరుసు దగ్గరికి వచ్చేసరికి
తప్.
వాడు ఆగి నన్ను చూశాడు.
మళ్లీ కొట్టమన్నాను.
తప్.
తడిసిన మట్టిగోడ మాట్లాడినట్టు.

పైన పటారం లోన లొటారం.
ఆ సామెత కట్టినోడు ఎప్పుడో
చదరపు పైపు కోసి చూసుంటాడు.

పైన కనబడే తుప్పు ఎంగిలి మెతుకులే,
భోజనమంతా లోపల.
ట్రైలరుని నీళ్లలోకి దించిన ప్రతిసారీ
పైపులోకి ఒక గుక్క సముద్రం పోతుంది,
వచ్చిన దారి మరిచి అక్కడే కాపురం పెడుతుంది.
నీళ్లు ఆరిపోతాయి. ఉప్పు ఎక్కడికీ పోదు.
రాత్రి చెమ్మకి మళ్లీ నాలుక తడుపుకుంటుంది.

చక్రం మూత తీస్తే గ్రీజు పెరుగైపోయింది.
కమాను పట్టీలు అయిదు,
పాత పుస్తకం పేజీల్లా ఉబ్బి అతుక్కుపోయాయి.
మూడోది ఎప్పుడు విరిగిందో,
మిగతా నాలుగూ ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాయి.

తప్ అన్నచోట గరుకు కాగితం వేశాను.
నీలం. దాని కింద పచ్చ.
దాని కింద రెడాక్సైడు.
దాని కింద ఇనుము ఉండాలి.
లప్పం ఉంది.
లప్పంలో నొక్కిన ఒక బొటనవేలి ముద్ర,
గీతల్లో ఇంకా ఎర్రరంగు,
మధ్యలో అడ్డంగా ఒక గాటు.

ఆ గాటు నాకు తెలుసు.
రాయపురంలో పని నేర్చుకునేప్పుడు
రేకు తెగి పెట్టిపోయింది.
వేలు తెచ్చి దాని మీద ఆనిస్తే
డబ్బాకి మూత పడ్డట్టు సరిపోయింది.

పెంచలు చూడలేదు. చూసినా అడగలేదు.
చెరపడానికి ఒక్క రుద్దు చాలు.
కాగితం చేతిలోనే ఉంది.
హార్బరు రోడ్డు మీద దీని వెనకాల లారీలుంటాయి,
నీళ్లలోకి దించే వాలు దగ్గర
పిల్లకాయలు ఈత కొడుతుంటారు.
కాసేపు ఊరికే కూర్చున్నాను.

అక్కని పిలిచి, "ఇది నా వేలు" అన్నాను.
ఆమె కళ్లద్దాలు పైకి తోసి వంగి చూసింది.
"తుఫానుకి వలలు పోయిన నెల.
ఎనిమిదొందలే ఉన్నాయని చెప్పాను కదా నీకు.
ఎనిమిదొందలకి ఎంత ఇనుమొస్తుందో
అంత వచ్చింది" అంది.
నవ్విందో లేదో, ఎండ ఎదురుగా ఉంది.
"ఇప్పుడెంత?"
చెప్పాను.
"అయ్యయ్యో, పడవే కొనొచ్చు" అంది.
కొంచెం తగ్గించాను. మరీ కాదు.

కట్టరు పెట్టగానే
పైపులోంచి నల్లటి నీళ్లు, ఇసుక,
గోరంత గుల్ల ఒకటి.
గుల్లని పెంచలు జేబులో వేసుకున్నాడు.
మంచి ఇనుము తగిలేదాకా కోశాను.
అనుకున్నదానికంటే జానెడు ఎక్కువే పోయింది,
ఎప్పుడూ అంతే.

అతుకు వేసి లేవబోతే మోకాళ్లు పట్టేశాయి.
వాడు సుత్తితో నా మోకాలిచిప్ప మీద తట్టి
చెవి ఆనించి విన్నాడు, వెధవ.
"తప్" అన్నాడు.

రంగు రేపు.
ఇవాళ చివరి పని,
కొత్త పైపు అడుగున, ఎవరి కంటా పడని చోట
చిటికెనవేలు పట్టే బొక్క.
సముద్రాన్ని లోపలికి రానివ్వని వెల్డింగు
నేను నేర్చుకోలేదు. ఎవడికీ రాదనుకుంటా.
ఒక బకెట్టు నీళ్లు పోసి
కింద చెయ్యి పట్టుకుని కూర్చున్నాను,
వస్తాయా
రావా అని.